తీసిన ముక్కలన్నీ మంచివే

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అంటారు. అననీ. ఉదయభాస్కర్ సంగతి తలుచుకున్నప్పుడు కూడా రాకపోతే ఆ కోపమెందుకు, కాల్చనా?

జగ్గయ్యపేటలో నా జిరాక్స్ షాపు పక్కనే అతని రిపేరు కొట్టు. తండ్రి అనంతపద్మనాభం మాస్టారు కొడుకు ఆఫీసులో కూర్చోవాలనుకున్నారు. ఇతనేమో పాలిటెక్నిక్ చదివి సోల్డరింగ్ ఐరన్ పట్టాడు. ఇరవై రెండేళ్లుగా టీవీలు, ఇన్వర్టర్లు, మోటారు స్టార్టర్లు బాగుచేస్తున్నాడు. ఏ ముక్క మార్చినా తీసిన పాతది కాగితంలో చుట్టి మనిషి చేతిలో పెడతాడు. మా పేటలో మెకానిక్కు మంచితనం తేల్చేది దాంతోనే. పాతది మాడి ఉంటే మార్చడం న్యాయం, బాగుంటే మోసం.

మొన్న ఫిబ్రవరిలో నందిగామ నుంచి నవీన్‌బాబు వచ్చాడు. మిర్చి గోడౌన్ వెనకగదిలో బిట్‌కాయిన్ మైనింగ్ మిషన్లు ఎనిమిది పెట్టాడు, అన్నీ సెకండ్‌హ్యాండువి. కలిపి వేస్తే బ్రేకరు పడిపోతోంది, గది పొయ్యిలా కాగుతోంది. కరెంటు తక్కువ తినేట్టు చేయమన్నాడు. భాస్కర్ వారం రోజులు బోర్డులు తిరగేసి దారి కనిపెట్టాడు. చిప్పులకు ఎంత వోల్టేజీ వెళ్లాలో తేల్చేది నువ్వుగింజంత రెసిస్టరు. దాన్ని తీసి వేరే విలువది వేస్తే వోల్టేజీ తగ్గుతుంది. వేగం కొంచెం తగ్గినా కరెంటు పావు వంతుకు పైగా మిగులుతుంది. లారీ ఎనభైలో కాక అరవైలో పోతే డీజిల్ మిగిలినట్టేనండీ అని నా ముందే చెప్పాడు. నవీన్‌బాబు తలూపాడు. పని అయ్యాక తీసిన రెసిస్టర్లన్నీ అలవాటు ప్రకారం పొట్లం కట్టి ఇచ్చాడు.

పది రోజులకి నవీన్‌బాబు మా షాపుల ఎదుటి టీ కొట్టు దగ్గర పదిమందిలో ఆ పొట్లం విప్పాడు. ఫోనులో మిషన్ల వేగం, దాంతో రాబడీ తగ్గినట్టు కనిపించిందట. నందిగామలో ఇంకో మెకానిక్కు చేత ఆ ముక్కలకు మీటరు పెట్టించాడట. ఒక్కటీ మాడలేదు.

"మంచి సామాను పీకేసి నాసిరకం పెట్టాడు. దొంగ!" అని బజారంతా వినబడేట్టు అరిచాడు.

భాస్కర్ వివరించబోయాడు. అవి మంచివేనని తనే ఒప్పుకున్నాక ఇక వినేదెవరు? బ్రేకరు పడడం ఆగిందా లేదా అని ఒక్కడూ అడగలేదు. ఆ పదిమందిలో నేనూ ఉన్నాను. లారీ మాట నా చెవులతో విన్నవాణ్ణి, బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను. మా పేటలో నవీన్‌బాబు వాళ్ల మిర్చి లావాదేవీల కాగితాలన్నీ నా షాపుకే వస్తాయి మరి. ఛీ, నా బతుకు.

నవీన్‌బాబు పాతవే మళ్లీ వేయమంటే భాస్కర్ అలాగే వేసిచ్చాడు. ఆ తర్వాత కొట్టుకు వచ్చేవాళ్లు తగ్గారు. వచ్చినవాళ్లు కుర్చీ లాక్కుని, పని అయ్యేదాకా అతని చేతులకేసి చూస్తూ కూర్చునేవారు. ఒకరోజు అతని భార్య పరిమళ నా షాపుకొచ్చింది. "ఆ రోజు మీరూ అక్కడే ఉన్నారంట గదా అన్నయ్యగారూ" అంది. చెంప పగలగొట్టినా బాగుండేది.

పాత ముక్కలతో మళ్లీ కాగిపోయి, మే ఎండలకు మూడు మిషన్లు మాడాయి. నవీన్‌బాబు మిగిలిన వాటి బోర్డులు పట్టుకుని కొట్టులోకి వచ్చి, పొరపాటైంది, ముందు చేసినట్టే చేసి పెట్టమని గొంతు తగ్గించి బతిమాలాడు. భాస్కర్ వాటిని ముట్టుకోలేదు. లేచి, అతని మణికట్టు పట్టుకుని టీ కొట్టు దగ్గరికి నడిపించాడు. వెనకే నేనూ వెళ్లాను. భాస్కర్ అంతా ముందే చెప్పాడు, నేను విన్నాను అని అందరి ముందూ అన్నాను. భాస్కర్ నా వంక చూడనైనా లేదు.

నవీన్‌బాబు తల దించుకుని తప్పు తనదేనని గొణిగాడు.

"ఆ రోజు ఇంత మెల్లగా అన్లేదు కదండీ," అన్నాడు భాస్కర్. "ఆ గొంతుతోనే చెప్పండి."