కాశిబుగ్గలో చిప్రోవ్‌ట్సీ

మీ కాళ్ల కింది తివాచీని ఎవరు నేశారని ఎన్నడైనా అడిగారా? కాశిబుగ్గ కట్టయ్య నలభై ఏళ్లుగా నేస్తున్నాడు. పంజా అనే ఇనుప దువ్వెనతో పోగులు దిగగొట్టీ కొట్టీ అతని కుడి మణికట్టు వంకరపోయింది. ఆరు నెలల ఖాళీ తర్వాత వ్యాపారి సుదర్శన్ పని తెచ్చాడు. బల్గేరియా కొండల్లోని చిప్రోవ్‌ట్సీ తివాచీకి నకలు. సుదర్శన్ తానెన్నడూ చూడని ఆ ఊరి జలపాతాలను, వెండి గనులను, తిరుగుబాటులో కాలిపోయి ఆడవాళ్ల మగ్గాలతో మళ్లీ లేచిన చరిత్రను గొప్పగా వర్ణించాడు. నేత ముగియగానే ‘చిప్రోవ్‌ట్సీలో నేసినది’ అన్న చీటీ కట్టయ్య చేతిలో పెట్టాడు.

"కుట్టు కాకా. కాశిబుగ్గ పేరు జూసి ఎవడు కొంటడే?"

"ఆ ఊర్ల మగ్గం ముంగట కూసునే ఆమె పేరు నేనెట్ల గుంజుకుంట బిడ్డా?"

"అయితే ఇదే నీకు ఆఖరి పని."

కట్టయ్య చీటీని వెనక్కిచ్చాడు. నల్లదారం తీసుకుని, తివాచీ అంచున ‘కాశిబుగ్గ’ అని కుట్టడానికి కూర్చున్నాడు.