నాడె మాట పడ్డ పేజీ

లక్ష్మీరాజం సాంచ నడిపినంతకాలం వాళ్లింట్లో ఎవరేం మాట్లాడుకున్నా నాకు వినపడేది కాదు. మా ఇంటికీ వాళ్లింటికీ నడుమ ఒకటే గోడ. సిరిసిల్లలో మా నేతవాడంతా అంతే. ముందుగదిలో సాంచాలనే మరమగ్గాలు, వెనకగదిలో సంసారాలు. ఆ మోతలో పెదవులు చూసి మాట పోల్చుకోవడం మాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. రాజం గుండెజబ్బుతో సాంచ బందు పెట్టాకే గోడ అవతలి మాటలు నా చెవిన పడసాగాయి. పడకపోతే నేనే గోడ దగ్గరికి జరిగేదాన్ని.

రాజం నాకు వరసకు కొడుకు. యాభై దాటినవాడు, అక్షరాలు కూడబలుక్కుని చదవగలడు. భార్య వసంత జగిత్యాల పిల్ల. తల్లిగారింటి పక్కనే ప్రార్థన మందిరం ఉండేది కాబట్టి ఆమెకు చిన్నప్పటినుంచీ ఏసు పాటలు నోటికొచ్చు. పెళ్లయి వచ్చాక అత్తగారింట్లో మా నేతవాళ్ల మూలపురుషుడు మార్కండేయుడి పటం దించలేదు, తన బైబిలూ విడువలేదు. రాజం కొన్నేళ్లు ఏమీ అనలేదు. తర్వాత తర్వాత ఆదివారాలు ఆమె వెంట పోయి వెనక వరసలో కూర్చునేవాడు. మా వాడ చివర రేకుల షెడ్డులో ఆ ప్రార్థనలు జరుగుతాయి. కోరుట్ల నుంచి జైపాల్ అనే పాస్టర్ వచ్చి జరిపిస్తాడు. నేను ఆ మతంలో లేను. అయినా రెండు మూడుసార్లు పోయి చూసి వచ్చాను. పక్కింటివాళ్లు ఏం చేస్తున్నారో తెలియకుండా వాడలో ఎట్లా ఉండడం?

ఆ షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త సంవత్సరం ప్రార్థన అయ్యాక స్టీలు పళ్లెంలో చిన్న చిన్న కార్డులు బోర్లా పరుస్తారు. ఒక్కొక్కరూ కళ్లు మూసుకుని ఒకటి తీసుకుంటారు. దాని మీద ఉన్న బైబిలు వాక్యం ఆ ఏడాదికి దేవుడు వాళ్లకిచ్చిన వాగ్దానం. రాజం తన కార్డును సాంచ పైన గోడకు అతికించుకునేవాడు.

కరీంనగర్ డాక్టరు గుండె కవాటం చెడిపోయిందని, మార్చకపోతే మనిషి దక్కడని చెప్పాడు. ఆపరేషన్‌కు తేదీ కూడా ఇచ్చారు. ఇంకా వారం ఉందనగా పొద్దున్నే వసంత కళ్లు తుడుచుకుంటూ మా ఇంట్లోకి వచ్చింది.

"అత్తా, ఆయిన ఆపరేషన్‌కు రానంటుండు. నువ్వన్న జెప్పు."

పోయి చూస్తే రాజం ఆగిపోయిన సాంచ పక్కన కుర్చీలో కూర్చున్నాడు. ఒళ్లో బైబిలు ఉంది.

"ఏందిరా రాజం, వద్దన్నవట?"

"అవ్ చిన్నమ్మా. జవాబు అచ్చింది."

"ఎవలిచ్చిండ్రు? డాక్టర్ గిట్ల ఫోన్ జేసిండా?"

"డాక్టర్ గాదు. పోవాల్నా వద్దా జెప్పు ప్రభువా అని కండ్లు మూసుకొని పుస్తకం తెరిచిన. ఏలు వెట్టిన. గిదిగో, సదువు."

నేను ఐదో తరగతి దాకా చదివాను. వేలు పెట్టిన చోట మెల్లగా చదివాను. నా దినాలు నేతగాడి నాడెకంటే వేగంగా పరుగెత్తిపోతున్నాయి, ఆశ అన్నది లేకుండానే ముగిసిపోతున్నాయి అని ఉంది అక్కడ. మా సాంచల్లో పోగు పట్టుకుని అటూ ఇటూ ఉరికేదే నాడె.

"మన నాడె గీ పుస్తకంలకు ఎట్లచ్చిందే!" అన్నాను. నవ్వు కూడా వచ్చింది. వసంత ముఖం చూసి ఆపుకున్నాను.

రాజం నవ్వలేదు. "గంత పెద్ద పుస్తకం చిన్నమ్మా. రాజుల ముచ్చట్లున్నయి, గొర్లకాపర్ల ముచ్చట్లున్నయి. నా ఏలు పొయ్యి నేతగాని మీదనే పడ్డది. నాకు గాకుంటే ఎవలికి జెప్పినట్టు? ఆశ లేదన్నంక ఆపరేషనెందుకు?"

"ఇంకోపారి తెరువుమంటే తెరుస్తలేడత్తా," అంది వసంత.

"దేవున్ని గుడ రెండుసార్లు అడుగుతరా?"

"నువ్వు తెరువకుంటే నేను తెరుస్త, ఇటియ్యి," అన్నాను.

"నా జబ్బుకు నీ ఏలేంది చిన్నమ్మా?"

పాస్టర్‌కు ఫోన్ చేద్దామంటే, దేవుడు చెప్పాక పాస్టర్‌తో పనేముందన్నాడు. మా ఆయన రాజనర్సును అతని దగ్గర కూర్చోబెట్టి నేనూ వసంతా వేములవాడ మీదుగా కోరుట్లకు బస్సెక్కాము.

జైపాల్ ఇంటి ముందు ఉడికించిన పసుపు కొమ్ములు ఎండబోస్తున్నాడు. చేతులు కడుక్కోనివ్వకుండానే సంగతంతా చెప్పాను.

"ఇదంత నీ పళ్లెం జేసిన పని," అన్నాను. "కండ్లు మూసుకొని తియ్యుమని అలవాటు జేసినవ్. ఇప్పుడు మనిషి పానం మీదికచ్చింది."

అతను కోపం చేసుకోలేదు. చేతికంటిన పసుపు దులుపుకున్నాడు.

"పళ్లెంల కార్డులు మేమే ఏరి పెడ్తమమ్మా. దైర్నం జెప్పే మాటలే ఏరుతం. పుస్తకం గట్ల గాదు, అండ్ల ఏడ్పులు గుడ ఉన్నయి. రాజం ఏలు పడ్డది దేవుని మాట మీద గాదు. యోబు అని, ఆస్తి వోయి, పిల్లలు వోయి, ఒళ్లంత పుండ్లయి బూడిదల కూసున్న మనిషి మొత్తుకున్న మాట మీద."

"మరి దేవుడేమన్నడు దానికి?"

"నేను జెప్ప. జెప్తే పాస్టర్ ఓదార్చిండనుకుంటడు. యోబు కథ మొదట్నుంచి ఆకర్దాక ఆయిననే సదువుమను. గప్పుడు గుడ వద్దంటే నేను ఒత్తిడి జెయ్య."

ఇంటికొచ్చి చెప్తే రాజం, "ఒక్క పేజీకే పానం సగం వోయింది, అంత సదువుమన్నడా?" అని గొణిగాడు. అయినా మొదలుపెట్టాడు. మెల్లగా, పైకే చదువుతాడు. మధ్యాహ్నాలు వసంత చరఖా మీద నూలు కండెలు చుట్టుకుంటూ వినేది. గోడకు ఇవతల నేను చాటలో బియ్యం ఏరుకుంటూ వినేదాన్ని.

ఆ యోబును ఓదార్చడానికి ముగ్గురు దోస్తులు వస్తారు. మొదట నోరెత్తకుండా మంచిగానే కూర్చుంటారు. తర్వాత ఒకరి వెంట ఒకరు, నువ్వేదో పాపం చేసి ఉంటావు, లేకుంటే ఇంత కష్టం ఎట్లా వస్తుందని అందుకుంటారు. రాజం మంచం పట్టినప్పుడు చూడవచ్చిన మా వాడవాళ్లు చాలామంది ఇట్లాగే మాట్లాడారు.

"గా ముగ్గురు పోయిండ్రారా?" అని మర్నాడు గోడ ఇవతలినుంచే అడిగాను.

"యాడ, ఇంక మాట్లాడుతనే ఉన్నరు చిన్నమ్మా."

"చాయ్ పోస్తె పోతరేమో!"

ఆ జబ్బు మొదలయ్యాక రాజం నవ్వగా నేను వినడం అదే మొదటిసారి.

నాడె మాట దగ్గరికి వచ్చినప్పుడు అతని గొంతు ఆగింది. వసంత తిప్పుతున్న చరఖా కూడా ఆగింది. అయినా కింది వరస చదివాడు, దాని కింది వరస చదివాడు. అట్లా రోజూ ముందుకు పోయాడు. కథ చివరికొచ్చిన రోజు నేను గోడ దగ్గర ఉండలేక వాళ్లింట్లోకే పోయి కూర్చున్నాను. ఆఖరికి దేవుడు గాలివానలోంచి మాట్లాడాడు. నేను భూమికి పునాది వేసిన రోజు నువ్వెక్కడున్నావు అని అడిగాడు. సముద్రం గురించి, మంచు గురించి, అడవిమృగాల గురించి అడిగాడు. కష్టం ఎందుకు పెట్టాడో మాత్రం చెప్పలేదు.

"అసలు ముచ్చట జెప్పనే లేదు గదరా!" అన్నాను.

"జెప్పలె," అన్నాడు రాజం. "గని ఆ మనిషి గంత మొత్తుకున్నా నోరు మూసుకోమని పంపలె. అచ్చి మాట్లాడిండు. ఓదార్చవచ్చినోళ్లే తప్పు మాట్లాడిండ్రన్నడు."

పుస్తకం మూసి వసంత వైపు తిరిగాడు.

"నాకు బయమైతుందే. రొమ్ము కోస్తరంటే బయమైతుంది."

"గదే ఆయినకు జెప్పు," అంది వసంత.

కళ్లు మూసుకుని ఆ మాటే చెప్పాడు. ప్రభువా, నాకు భయమవుతుంది, నాతో రా అన్నాడు. పోవాలా వద్దా అని ఈసారి అడగలేదు. లేచి, కరీంనగర్‌కు బట్టలు సర్దమన్నాడు.

ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయే ముందు నేనూ అక్కడే ఉన్నాను. బైబిలు వసంత చేతికిచ్చాడు.

"ఏదన్న సదువాల్నా?" అని ఆమె తెరవబోయింది.

"వద్దు. యోబు అయిపోయిన కాడ నూలుపోగు వెట్టిన. తియ్యకు. అచ్చినంక సదువుత."

వచ్చాడు. కోలుకోవడానికి చాలా కాలం పట్టింది. సాంచ నడపవద్దన్నారు కాబట్టి ఇప్పుడు వసంతతోపాటు కూర్చుని కండెలు చుడుతున్నాడు. ఆడవాళ్ల పనికి దిగావా అని ఎదురింటి మొగిలయ్య ఎగతాళి చేస్తే, "నువ్వు గుడ రా, చరఖా కాళీ ఉంది," అంటాడు. కొత్త సంవత్సరం పళ్లెంలో కార్డు ఈసారీ తీశాడు. గోడకు అతికించే ముందు ఆ వాక్యం ఎక్కడుందో పుస్తకంలో వెతికి, దానికి ముందూ వెనకా చదివాడు.

నూలుపోగు దగ్గరనుంచి చివరిదాకా అయ్యాక మళ్లీ మొదటి పేజీ నుంచి పట్టాడు. ఒక్క వరస కూడా వదలడు. ఈమధ్య అన్నీ పేర్లే వస్తున్నాయి, ఫలానావాడికి ఫలానావాడు పుట్టాడని. నాకు విసుగొస్తుంది కానీ వినకుండా ఉండలేను.

"ఇయ్యాల ఎవలు పుట్టిండ్రురా రాజం?" అని నిన్న గోడ ఇవతలినుంచే అడిగాను.

"ఇంక శానమంది ఉన్నరు చిన్నమ్మా," అన్నాడు. "పీట ఏసుకొని కూసో."