ఫొటోలో నిటారుగా

సుహాసిని కుదురుగా ఒకచోట కూర్చోగా చూసినవాళ్ళు తక్కువ. నరసన్నపేట పక్క పల్లెలో వాళ్ళ నాన్న జగన్నాధం పొలంలో దమ్ము పట్టిస్తుంటే ఆమె గట్ల మీద పరుగులు పెట్టేది. "దీని కాళ్ళకి బలపం కట్టీసినారేటో" అని తల్లి విసుక్కునేది. అలాంటి పిల్ల బడిలో ఖోఖో ఆడింది, పెద్దయ్యాక యోగాలో డిప్లొమా చేసింది. మేనబావ గోవింద్‌ని పెళ్ళాడింది. అతనికి విమానాశ్రయం పనుల్లో మట్టి తవ్వే ప్రొక్లెయిన్ నడిపే పని దొరకడంతో ఇద్దరూ భోగాపురం వచ్చి అద్దె ఇంట్లో దిగారు.

హైవే పక్కన కొత్తగా తెరిచిన వెల్‌నెస్ సెంటర్‌లో ఆమెకు ఉద్యోగం దొరికింది. వచ్చినవాళ్ళను తెల్లగోడ ముందు నిలబెట్టి ముందునుంచి, పక్కనుంచి, వెనకనుంచి టాబ్‌తో ఫొటోలు తీయాలి. అందులోని ఏఐ యాప్ చెవి, భుజం, నడుము, మోకాలు, మడమ మీద చుక్కలు పెట్టి గీతలు కలుపుతుంది. ఒళ్ళు ఒరిగిన చోట ఎర్రగీత, సరిగ్గా ఉన్న చోట పచ్చగీత. చివర్లో వందకు ఇన్ని అని స్కోరు. దాన్ని బట్టి ఆమె వ్యాయామాలు చేయించాలి. మొదట్లో ఆ చుక్కలు చూస్తే ఆమెకే ముచ్చటేసేది. తన కంటికి ఆనని వంకర అది ఇట్టే పట్టేసేది.

దాలయ్య అక్కడికి వచ్చింది కూతురు భారతి పోరు పడలేకే. సముద్రం ఒడ్డునున్న ముక్కాంలో ఆయనది చేపల వ్యాపారం. వయసులో ఉండగా వేటకు వెళ్ళి వలలు లాగిన మనిషి. మెడ పట్టేసి తల తిప్పలేకపోతుంటే భారతి డబ్బు కట్టి తీసుకొచ్చి దిగబెట్టింది. మొదటి ఫొటోలో గీతలన్నీ ఎర్రగా వచ్చాయి.

"సదువుకున్నప్పుడూ ఇంతే. ఎప్పుడు పాసయ్యేను గనక!" అని ఆయన పకపకా నవ్వాడు.

కానీ పట్టుదల గల మనిషి. గడ్డం లోపలికి, భుజాలు వెనక్కి, పొట్ట బిగబట్టి అని సుహాసిని ఏం చెబితే అది చేశాడు. వారం వారం స్కోరు పెరిగింది. ఎనభై దాటిన రోజు ఆ ఫొటో పెద్దగా ప్రింటు తీయించుకుని చేపల వేలం దగ్గర అందరికీ చూపించాడట.

ఆ సంబరంలో ఉండగానే ఒకరోజు ఆయన మెట్లు దిగుతుంటే ఎడమకాలి చెప్పు పై మెట్టు మీదే ఉండిపోయింది. ఆయన గమనించలేదు. ఒంటికాలి చెప్పుతో రోడ్డు దాకా వెళ్ళిపోయాడు. సుహాసిని దాన్ని పట్టుకుని పరిగెత్తి ఇస్తే, "ఓలమ్మ! జారిపోనాదేటి?" అన్నాడు. తర్వాత వారం చొక్కా బొత్తాం పెట్టుకోవడానికి చాలాసేపు తంటాలు పడి, ఆఖరికి వదిలేశాడు. ఆమె ఫొటో తీసింది. గీతలన్నీ పచ్చగానే ఉన్నాయి.

ఆ రోజు నుంచి ఆమెకు మనసు మనసులో లేదు. ఆయన ఒంట్లో ఏముందో ఆమెకు తెలీదు, పేరు పెట్టలేదు. కానీ గోడ ముందు బిగబట్టి నిలబడే దాలయ్య ఒకరు, కాలు ఈడ్చుకుంటూ గుమ్మం దాటే దాలయ్య ఇంకొకరు. యాప్‌కి మొదటి మనిషే కనిపిస్తున్నాడు. అలా నిలబడటం నేర్పింది తనే.

సెంటర్ యజమాని పృథ్వీరాజ్‌కి చెప్పింది. అతను టాబ్ తీసి చూశాడు.

"ఇంత బాగా వస్తుంటే ఏమిటమ్మా నీ భయం? మనం డాక్టర్లం కాదు. ఉన్నవీ లేనివీ చెప్పి బెదరగొడితే రేపు ఎవరొస్తారు?"

"డాక్టర్లం కాదనే సార్, డాక్టర్ దగ్గరకి వెళ్ళమందామంటున్నాను."

"స్కోరు తగ్గితే అప్పుడు చూద్దాం" అని అతను ఫోను ఎత్తాడు.

సుహాసిని ఇంటికొచ్చి కూర పొయ్యి మీద పెట్టి మరిచిపోయింది. మాడిన వాసనకు గోవింద్ పరిగెత్తుకొచ్చాడు.

"ఏటయింది నీకు? వచ్చిన్నించీ కాలుకాలిన పిల్లిలాగ తిరుగుతన్నావు."

విషయం చెప్పింది. అతను కాసేపు ఆలోచించి, "సెప్పీసి తిట్లు తిను. సెప్పకుండా ఇలాగ మాడిపోకు" అన్నాడు.

మర్నాడు దాలయ్యతో అనేసింది. "బాబాయ్, నీ నడక నాకు బాగోలేదు. ఒకసారి విశాఖపట్నంలో నరాల డాక్టరుకి సూపించుకో."

ఆయన ముఖం నల్లబడింది. "మిసను బాగున్నాదని సెప్తాది, నువ్వు బాగోలేదంటావు. నీ మాట నిజమా, దాని మాట నిజమా?"

"అది నిలబడ్డప్పుడే సూస్తాది బాబాయ్. నేను నడిసినప్పుడు సూస్తన్నాను."

"సాల్లే పాపా" అని ఆయన లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. మంచి కస్టమర్ని పోగొట్టావని పృథ్వీరాజ్ అందరి ముందూ అన్నాడు. ఆమె పని చేస్తూనే గుమ్మం వైపు చూసేది. తను పొరబడి ఉంటే బాగుండునని ఒక క్షణం, పొరబడితే ఏం ముఖం పెట్టుకుని బతకాలని మరుక్షణం.

ఇక ఉండబట్టలేక ఆదివారం గోవింద్ బండెక్కి ముక్కాం వెళ్ళింది. దాలయ్య ఇంట్లో లేడు. ఆయన భార్య కూర్మమ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. తనెవరో సుహాసిని చెప్పగానే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

"నీతో గొడవాడినాడని భారతి సెప్పింది. నానూ సూస్తన్నానమ్మా. మొన్న టీ గలాసు సేతిలోంచి జారిపోనాది. అన్నం కలుపుకోడం అవటం లేదు. అడిగితే ఆ ఫొటో సూపిస్తాడు. ఏటి సెయ్యను?"

"నాకు ఏ జబ్బో తెలీదు పిన్నీ. ఆలస్యం మాత్రం వద్దు."

కూర్మమ్మ ఆ సాయంత్రమే కూతురికి ఫోను చేయించింది. ఇద్దరూ కలిసి బలవంతాన ఆయన్ని విశాఖపట్నం తీసుకెళ్ళారు. స్కానింగ్ తీశారు. మెడ ఎముకల మధ్య వెన్నుపాము నొక్కుకుపోయిందని, ఆపరేషన్ చేయాలని డాక్టరు చెప్పాడు. ఇంకొన్నాళ్ళు ఊరుకుంటే మంచం పట్టేవాడన్నాడు.

ఆపరేషన్ అయింది. వేళ్ళకు పట్టు తిరిగి వచ్చింది. కాలు మాత్రం పూర్తిగా రాలేదు. కర్ర పట్టుకు నడవాల్సిందే. వార్త విన్న పృథ్వీరాజ్ ఇకనుంచి ఫొటోకి ముందు అందర్నీ వరండాలో నడిపించి చూడమన్నాడు. సుహాసినికి అది చాల్లేదు. నడక చూసి తను మాత్రం ఏం పోల్చుకోగలదు? ఫిజియోథెరపీ చదవడానికి ఎక్కడెక్కడ సీట్లున్నాయో వాకబు చేయడం మొదలుపెట్టింది.

ఆమె ముక్కాం చూడటానికి వెళ్ళినప్పుడు దాలయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మెచ్చుకుంటాడని ఆమె అనుకోలేదు, ఆయనా మెచ్చుకోలేదు.

"ముందే గట్టిగా సెప్పాల కదే! నాను అరిస్తే మాత్రం నోరు మూసీసుకుంటావేటి?"

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. అరుగు ముందే నిలబడిపోయింది.

"నిల్సుండిపోనావేటి? రా. వేలం మొదలైపోతాది" అంటూ ఆయన ఒక చేత్తో కర్ర అందుకుని, రెండో చెయ్యి ఆమె భుజం మీద వేశాడు. ఇద్దరూ ఇసకలో మెల్లగా నడిచారు. దారి పొడుగునా తిడుతూనే ఉన్నాడు.