తూర్పు గట్టు దగ్గర వంగిన గీత

ఎవరైనా దయ్యాల సంగతి ఎత్తితే నాకు ఆవలింత వస్తుంది. పొద్దున్నే జనగామలో రైలెక్కి, మహబూబాబాద్‌లో దిగి, ఒక విత్తనాల హోల్‌సేల్ దుకాణంలో సాయంత్రం దాకా బిల్లులు కొట్టి, మళ్లీ రైలెక్కి ఇల్లు చేరే మనిషిని. భయపడాలన్నా కాస్త ఓపిక ఉండాలి కదా, అది నాకు ఎప్పుడూ లేదు. ఇప్పటికీ నేను దయ్యాలను నమ్మను. జరిగింది మాత్రం చెబుతాను.

మా ఆయన పని, పిల్లల బడి జనగామలో. నా జీతం మహబూబాబాద్‌లో. సాయంత్రం రైల్లో కాజీపేట దాకా నిలబడటమే. ఏళ్లుగా తిరిగి తిరిగి నా నడుము నాది కాకుండా పోయింది.

అలాంటప్పుడు జనగామలోనే ఒక చిన్న ఆఫీసువాళ్లు మనిషి కావాలన్నారు. ఫోన్‌లో పొలాలు కొలిచే యాప్‌లు చేస్తారు వాళ్లు. పెద్ద చదువు అడగలేదు. సొంతంగా చేసిన యాప్ ఒకటి తెచ్చి చూపించమన్నారు. అది సరిగ్గా కొలిస్తే ఉద్యోగం, లేకపోతే లేదు. ఆ ఉద్యోగం వస్తే ఈ రైలు తప్పుతుంది. నాకు కావాల్సింది అంతే.

ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే ఒక సార్ దగ్గర చేరాను. రైల్లో నిలబడి పాఠం వినడం, ఆదివారం ఇంట్లో కూర్చుని కోడ్ రాయడం. తెర మీదకు మ్యాప్ తేవడం, ఉపగ్రహాల సాయంతో ఫోన్ మనమున్న చోటు కనుక్కోవడం, ఆ చుక్కలు కలిపి గీత గీయడం, ఇదీ చదువు. మొదట్లో అక్షాంశం, రేఖాంశం తారుమారుగా రాశాను. జనగామలోని మా ఇల్లు ఉత్తర ధ్రువం దగ్గర మంచులో తేలింది. ఈ పని నేర్చుకునేవాళ్లంతా ఒకసారి అక్కడికి పోయి రావాల్సిందేనని సార్ నవ్వాడు. మా ఆయనైతే చాన్నాళ్లు స్వెట్టర్ కొనాలా అని ఏడిపించాడు.

ఎట్లాగో యాప్ తయారైంది. ఫోన్ చేతిలో పట్టుకుని చేను చుట్టూ నడిస్తే, నడిచిన దారంతా గీత పడుతుంది. బయలుదేరిన చోటికి వచ్చాక చేను ఎంతుందో చెబుతుంది. పరీక్షించడానికి నిజమైన చేను కావాలి. ఘనపూర్ పక్క పల్లెలో మా అక్కాబావలకు పత్తి చేను ఉంది. ఒక ఆదివారం బస్సులు మారి అక్కడికి పోయాను.

చేను బోసిగా ఉంటుంది. ఫోన్‌కు ఉపగ్రహాలు అందకుండా అడ్డుపడే చెట్టు పక్కన లేదు, పైన కరెంటు తీగ లేదు. తూర్పు గట్టు వెంట ఈ చివర నుంచి ఆ చివరకు బండ్లు పోయే బాట ఉంది. తాడు పట్టి కొట్టినట్టు సూటిగా ఉంటుంది. నేను దాని మీద సూటిగానే నడిచాను. ఫోన్‌లో గీత మాత్రం సగం దూరం పోయాక బాట వదిలి, చేన్లోకి వంగి, గుండ్రంగా తిరిగి మళ్లీ బాట మీదకు వచ్చింది.

మళ్లీ నడిచాను. అక్కడే వంగింది. అటు చివర నుంచి ఇటు నడిచాను, అప్పుడూ అక్కడే. అక్క ఫోన్‌లో యాప్ ఎక్కించి ఆమెను నడవమన్నాను. ఆమె గీత కూడా వంగింది. మిగతా గట్ల వెంట సూటిగా ఉంది. పక్కవాళ్ల చేన్లోనూ సూటిగానే ఉంది.

సార్‌కు ఫోన్ చేశాను. చుక్కలు అటూ ఇటూ చెదరడం మామూలేనని, కానీ ప్రతిసారీ ఒకే చోట, ఒకే తీరుగా చెదరవని, తప్పు నా కోడ్‌లోనే ఉండాలని అన్నాడు. తప్పు దొరక్కపోతే చెదిరిన చుక్కల్ని సాపు చేసే కోడ్ కలపమన్నాడు. అది కలిపితే వంపు కనిపించదు. బస్సులో కలుపుదాంలే అనుకుని, ఎండలో గట్టు మీద కూలబడ్డాను. ఏడుపు కూడా వచ్చింది. ఇంకెన్నాళ్లు ఆ రైలు అని ఏడ్చాను, దాచేదేముంది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. మోకాలెత్తు పత్తి వాడిపోతుంటే బావ బోరు వేయిస్తున్నాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్లు చూసే ఆయన, చేను చివరి మూలలో చోటు చూపించాడట. ఆ మధ్యాహ్నమే బోరు లారీ వచ్చింది. తూర్పు బాట వెంట ఆ మూలకు పోవాలి. డ్రైవర్ తమిళాయన, తెలుగు రాదు. బావకు మరదలి గొప్ప చూపించుకోవాలని ఒకటే ఉబలాటం. నా ఫోన్ లాక్కుని, లారీ ఎక్కి డ్రైవర్ పక్కన కూర్చుని, ఈ గీత వెంట పోనిమ్మని సైగ చేశాడు. గీత తప్పు బావా, వద్దు అని నేను అరిచాను. ఇంజన్ మోతలో వినపడలేదో, వినిపించుకోలేదో.

ఊరూరా తిరిగే డ్రైవర్ కదా, ఫోన్ ఎటు చూపిస్తే అటు పోవడం అలవాటు. వంపు దగ్గరకు రాగానే, ఎదురుగా బాట సూటిగా కనిపిస్తున్నా, అంత లారీని పత్తిలోకి తిప్పాడు. గుండ్రంగా తిరిగి మళ్లీ బాట ఎక్కించాడు. మొక్కలన్నీ నలిగిపోయాయి. కేబిన్‌లో బావ మొత్తుకుంటున్నాడు.

"నీ ఫోన్ పాడుగాను. ఉన్న పత్తి అంత తొక్కిపిచ్చినవ్ గదనే," అంది అక్క.

నేను తలెత్తలేకపోయాను. బోరులో నీళ్లు పడ్డాయి గనక ఆ మాట అంతటితో పోయింది. తిరిగి పోయేటప్పుడు కూడా లారీ తన టైర్ల గాడి వెంటే పోయింది.

బస్సులో కూర్చోగానే నిద్ర ముంచుకొచ్చింది. సాపు చేసే కోడ్ కలపనే లేదు. మర్నాడు దుకాణానికి సెలవు పెట్టి, యాప్‌ను ఉన్నదున్నట్టే ఆఫీసులో చూపించాను. అక్కడ గట్టు వంకరగా ఉందా అని అడిగారు. సూటిగానే ఉందన్నాను. సూటి గట్టును వంకరగా చూపే యాప్ రైతుకు ఎట్లా ఇస్తామమ్మా అని మర్యాదగానే చెప్పి పంపించారు. మంగళవారం మళ్లీ రైలెక్కాను.

తర్వాత వానలు దంచికొట్టాయి. ఒకరోజు దుకాణంలో ఉండగా అక్క ఫోన్ చేసింది. తూర్పు బాట మధ్యలో భూమి కుంగిపోయిందట. లోపల రాతి కట్టడం ఉన్న పెద్ద బావి. ఎవరో ఏనాడో పత్తి కట్టె, మట్టి పోసి పూడ్చినట్టున్నారు. కట్టె కుళ్లి లోపలంతా బోలుగా మారి, పైన మట్టి పొర మిగిలింది. బావ వాళ్ల నాయిన ఆ చేను కొన్ననాటికే అక్కడ బావి ఆనవాలు లేదు. చుట్టుపక్కల ఎవరికీ తెలియదు.

"నీ నౌకరి పోతే పాయె చెల్లె," అంది అక్క. "గా గీత సీదా ఉంటే నా మనిషి గా బాయిలనే ఉండేటోడు."

ఆ సాయంత్రం ఒకే బిల్లు రెండుసార్లు కొట్టాను.

ఆ ఆదివారం పోయి చూశాను. గుంత చుట్టూ ముళ్లకంప వేశారు. ఈసారి నిజంగానే బాట దిగి, పత్తిలోంచి గుంత చుట్టూ తిరిగి నడవాల్సి వచ్చింది. ఫోన్‌లో కొత్త గీత పాత గీత మీదే పడింది. అవి రెండని చెబితే తప్ప తెలియదు.

ఎండాకాలంలో బావ ఆ బావిని రాళ్లతో, మొరంతో గట్టిగా పూడ్పించాడు. నేను మళ్లీ పోయి బాట మీద సూటిగా నడిచాను. గీత సూటిగా పడింది. కోడ్‌లో నేను ఒక్క అక్షరం మార్చలేదు. సార్‌కు చెబితే, భూమి కింద బోలు ఉంటే పైనున్న ఉపగ్రహాలకేం తెలుస్తుందమ్మా అన్నాడు. మరి ఎట్లా అని అడిగితే, కోడ్ ఇంకోసారి చూసుకోమన్నాడు.

ఆ ఉద్యోగంలో ఇంకెవరో చేరారు. నేను అదే రైల్లో, అదే నడుము నొప్పితో తిరుగుతున్నాను. యాప్ ఇప్పటికీ ఫోన్‌లో ఉంది, తీసేయబుద్ధి కాలేదు. అయితే రైల్లో మాత్రం దాన్ని తెరవను. సాయంత్రం కేసముద్రం దాటాక పట్టాలు సూటిగా సాగుతుంటాయి. పెట్టె నిండా నాలాగే అలసిపోయి నిలబడ్డవాళ్లు. అక్కడ గీత వంగితే నేను ఎవరికి చెప్పాలి? చెబితే మాత్రం రైలు ఎవరు ఆపుతారు?