పెందుర్తిలో చూసిన సగం సినిమా

ఆ రోజుల్లో సినిమా చూడాలంటే మనమే సినిమా దగ్గరికి వెళ్లేవాళ్లం. సినిమా మన ఇంటికి వచ్చిందంటే చుట్టాలు దిగినంత హడావుడి. ఎనభైల మధ్యనాటి మాట ఇది. టీవీకి తగిలించి సినిమా చూసే వీసీపీ పెట్టెనూ, క్యాసెట్టునూ ద్వారకా నగర్‌లో అద్దెకు ఇచ్చేవారు. ఇప్పుడు పది నిమిషాలు నచ్చకపోతే వేలితో సినిమాను పక్కకు తోసేసే పిల్లల్ని చూస్తే నాకు నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. మేము మాత్రం ఎంత తప్పులతడక సినిమా అయినా చివరిదాకా కూర్చునేవాళ్లం. అలా ఒకసారి చివరిదాకా కూర్చుని, కుదరబోయే నా పెళ్లిని నేనే చెడగొట్టుకోబోయాను.

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. పోర్టు వర్క్‌షాపులో కొత్తగా చేరిన ఫిట్టర్ని. వన్‌టౌన్‌లో చిన్న గది, ఆదివారం భోజనం మాత్రం పెందుర్తిలో అత్తయ్యగారింట్లో. అత్తయ్య అంటే మా నాన్న చెల్లెలు. ఆవిడకు ఒక్కతే కూతురు, నాకు మరదలు. (అంత దూరం బస్సులో వేలాడుతూ వెళ్లేది అత్తయ్య చేతి వంట కోసమని అందరికీ చెప్పేవాణ్ని. నమ్మినవాళ్లు ఎవరూ లేరు.) అత్తయ్యకు నేనంటే ప్రాణం. చిక్కంతా మావయ్యతోనే. విజయనగరం నుంచి బ్యాంకు గుమస్తా సంబంధం ఒకటి వచ్చింది, పై ఆదివారమే పెళ్లిచూపులు. అత్తయ్య నా మాట ఎత్తితే, "కుర్రోడు మంచోడే గానీ అవసరానికి ఉంతాడేటి? మన స్లాబుకి వొచ్చేడేటి?" అని మావయ్య అక్కడే పట్టుకుని కూర్చున్నాడట.

స్లాబు సంగతి మీకు చెప్పాలి. మా వైపు ఇల్లు కట్టుకుంటే, స్లాబు పోసే రోజున ఎంతమంది కూలీలున్నా చుట్టాలు కూడా వచ్చి తలో తట్టా ఎత్తాల్సిందే. పెళ్లికి రాకపోతే క్షమిస్తారు గానీ స్లాబుకి రాకపోతే పదేళ్లు గుర్తుపెట్టుకుంటారు. నేనేమో "డబుల్ షిఫ్టు పడింది మావయ్యా" అని కబురుపెట్టాను. నిజానికి ఆ రోజు జాలరిపేటలో మా వర్క్‌షాపు నేస్తం పెళ్లి. ఒక పక్క సిమెంటు తట్టలు, ఇంకో పక్క పెళ్లివారి చేపల పులుసు. ఆ వయసులో మీరైతే ఎటు వెళ్లేవారో గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పండి.

ఎలాగైనా మావయ్య మనసు మార్చాలని, పెళ్లిచూపులకు వారం ముందు ఆదివారం పొద్దున్నే వీసీపీ అద్దెకు తీసుకుని, చంటిపిల్లలా ఒడిలో పెట్టుకుని పెందుర్తి బస్సెక్కాను. క్యాసెట్టు షాపతను ఇచ్చిందే. "పట్టుకెళ్లు బావా, ప్రేమ సినిమా. నవ్వి నవ్వి సచ్చిపోతారు" అన్నాడు. సగం నిజమైంది, చచ్చినంత పనయింది నాకు.

కథ ఏమిటంటే, ఉద్యోగం లేని హీరో ఒక దొంగ మీసం అతికించుకుని, తనకు తానే అన్నయ్యనని చెప్పి హీరోయిన్ ఇంట్లో అద్దెకు దిగుతాడు. ఆ పిల్లకు మీసం లేని తమ్ముడంటే ప్రేమ, మీసమున్న అన్న అంటే మంట. "అదేటి, మీసమెడితే గుర్తుపట్టలేదా? ఆ పిల్లకి కళ్లు లేవేటి?" అని మావయ్య మొదట్లో విసుక్కున్నాడు. అరగంట తిరిగేసరికి ఆయనే పగలబడి నవ్వుతూ తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటున్నాడు. అత్తయ్య పొయ్యి మీద పప్పు మర్చిపోయింది. మరదలు పాట వచ్చినప్పుడల్లా నా వైపు ఓరగా చూస్తోంది. విజయనగరం గుమస్తా మా గుమ్మం దాకా కూడా రాడని నాకు గట్టి నమ్మకం కుదిరింది.

చివరి ఘట్టం వచ్చింది. హీరోయిన్ చెయ్యి చాపి హీరో మీసం పట్టుకుంది. లాగబోతోంది. అంతే, తెర మీద బరబరా గీతలు, ఆ వెంటనే సన్నాయి, పందిరి, బంతిలో కూర్చుని భోంచేస్తున్న జనం!

"అప్పుడే పెళ్లి సేసీసేరా?" అన్నాడు మావయ్య సంబరంగా.

"హీరో ఏడీ మరి? ఈలెవులో వేరే మనుసులు" అంది అత్తయ్య.

ఎవరో నాకు తెలుసు. పందిరి వెనక పడవలు కనిపిస్తున్నాయి. గుమ్మానికి థర్మకోల్ అక్షరాలతో మా నేస్తం పేరు, పెళ్లికూతురి పేరు, కింద తేదీ. (ఆ షాపతనే పెళ్లిళ్లకు వీడియోలు తీసేవాడు. ఆ రోజు క్యాసెట్టు చాలక ఈ సినిమా చివరి భాగం మీదే పెళ్లి తీసేసి, ఆనక ఆ సంగతే మర్చిపోయాడని తర్వాత తెలిసింది.) లేచి స్విచ్ నొక్కేస్తే పోయేది. నొక్కకుండా నేనూ పెళ్లి చూస్తూ కూర్చున్నాను. కెమెరా ఒక్కో విస్తరినీ పలకరిస్తూ తీరిగ్గా వస్తోంది. నాలుగో విస్తరి ముందు నేను. పులుసు వడ్డించేవాణ్ని వదలకుండా ఇంకా వెయ్యమంటున్నాను. పైగా కెమెరాను చూసి ఒక నవ్వు!

"ఇది నువ్వు కాదేటి?" అన్నాడు మావయ్య.

"నాలాంటోడెవుడో, మావయ్యా."

"మీసమేనా మార్సలేదు కదా బావా!" అంది మరదలు.

"ఆ సొక్కా నాను దసరాకి కుట్టించిందే" అని అత్తయ్య, పాపం నా పక్షమే అయినా, నోరు జారింది.

మావయ్యకు ఇందాక గుమ్మం మీద చూసిన తేదీ గుర్తొచ్చింది. ముఖంలో నవ్వు పోయింది. "ఆ యేల మన స్లాబు" అన్నాడు నెమ్మదిగా. అరిచినా బాగుండేది. "నానే మావయ్యా. అబద్దం సెప్పేను. తప్పయిపోనాది" అన్నాను.

ఈలోగా తెర మీద నా ఘనకార్యం ఇంకా అవలేదు. కెమెరా దాటిపోయిందనుకుని, అటూ ఇటూ చూసి, విస్తట్లోని మూడు లడ్డూలు చేతిరుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుంటున్నాను. పక్క విస్తరిని తీస్తున్న కెమెరాలో ఒక వారగా ఆ దొంగతనమంతా శుభ్రంగా పడింది.

"ఓలమ్మా! మర్నాడు నాకు తెచ్చిచ్చిన లడ్డూలు ఇవేనేటి? షాపులో కొన్నానన్నావు కదా బావా!" అని మరదలు గట్టిగా అనేసి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మావయ్య ఇటు తిరిగాడు. "ఏ లడ్డూలు? మాకేటీ అవుపడలేదే?"

"పెరట్లో... నానే తినీసేను."

"మూడూనా? మీ అమ్మకొకటెట్టలేదా?"

"బావ నాకోసరమని తెచ్చేడు" అంది తల దించుకుని. చెవులు కూడా ఎర్రబడ్డాయి.

ఆయన కూతురి వైపు చూశాడు. తర్వాత లేచి పెరట్లోకి వెళ్లి, సిమెంటు గట్టిపడిపోయిన ఒక ఇనప తట్ట తెచ్చి నా ముందు ఠంగుమని పెట్టాడు. "వొచ్చే నెల మేడ మీద స్లాబు. ఆ యేల నీకు డబుల్ షిఫ్టు. ఇక్కడ" అన్నాడు. అత్తయ్య వైపు తిరిగి, "ఇజీనారపోల్లకి రావొద్దని కబురెట్టు. దీని మనసు సంగతి లడ్డూలతోనే తెలిసిపోనాది" అన్నాడు. లోపల పప్పు మాడిన వాసన అప్పుడు గాని ఎవరికీ తగల్లేదు.

ఆ స్లాబుకి నేను ఎత్తినన్ని తట్టలు ఎవరూ ఎత్తలేదు. అరచేతులు బొబ్బలెక్కితే మావయ్యే స్వయంగా మజ్జిగ పోసిచ్చాడు. ఇప్పుడు ఆయన లేడు. ఆ స్లాబు కిందే మేమిద్దరం ఉంటున్నాం, ఒక్క చుక్క కారదు.

మొన్న మా అమ్మాయి ఆ సినిమా ఎక్కడో పట్టుకుని టీవీలో పెట్టింది. ఇన్నేళ్లకు చివర చూశాం. హీరోయిన్ మీసం లాగేసి, "నాకు మొదటినుంచీ తెలుసు" అంటుంది. అంతే.

"ఇంతేనా?" అని పెదవి విరిచింది మా ఆవిడ. "దీనికంటే ఆ పెళ్లే బాగుంది బావా. ఆ క్యాసెట్టు ఎక్కడేనా దొరుకుద్దేటి?"

దొరకదు. నాకూ ఆ బంతిలో కూర్చున్న సన్నటి కుర్రాణ్ని ఒక్కసారి చూడాలనుంది. జేబులో లడ్డూలు దాచుకుని, ఎవరూ చూడలేదనుకుంటున్నాడు పాపం.