కోడళ్ళు రాసిన పేర్లు

ఎర్మెక్ ఏ పని మొదలుపెట్టినా "బిస్మిల్లా" అంటాడు. కంప్యూటర్ మీట నొక్కేటప్పుడు కూడా అంతే. పొద్దున్నే ఆవుల పాలు పితికి, ఇంట్లో అందరికీ చాయ్ కాచి, కొండల్లోని మా ఊరి గ్రంథాలయానికి వచ్చేవాడు. పొయ్యి పక్కన ఉన్ని మేజోళ్ళతో కూర్చుని పని చేసుకునేవాడు. నగరంలో దుకాణాలకు వెబ్‌సైట్లు చేసి నాలుగు డబ్బులు చూసినవాడే. అయినా ఊళ్ళో ఎవరి ఫోను పాడైనా కాదనడు. ఏమివ్వమంటావని అడిగితే, "మీ ఇంటి కురుత్ బాగుంటుందట కదా, ఎజే" అంటాడు, అక్కా అన్నట్టు. ఎండిన ఆ పెరుగుండలతో అతని సొరుగు ఎప్పుడూ నిండి ఉండేది.

ఆ గ్రంథాలయం చూసుకునేది నేను. ఎర్మెక్ నన్ను బైకే అంటాడు, అన్నా అని. వెనకటికి ఒక బడిపంతులు ఇల్లిల్లూ తిరిగి, పెద్దవాళ్ళ మాటలన్నీ క్యాసెట్లలో పట్టి మాకు అప్పగించి వెళ్ళాడు. కప్పు కారి పెట్టెల మీది చీటీలు తడిసిపోవడంతో ఏది ఎవరి గొంతో తెలియకుండా పోయింది. ఎర్మెక్ వాటిని కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఊరి ఆడవాళ్ళు తలా కొన్ని తీసుకుని, విన్నది విన్నట్టు టైపు చేసి ఇచ్చారు. అంతా ఒక వెబ్‌సైట్లో చేరింది. కానీ అంత పోగులో కావలసిన మనిషిని వెతకడం ఎలా?

అందుకని ఎర్మెక్ దానికి సెర్చ్ పెట్టే పనిలో పడ్డాడు.

"అంతా నువ్వే రాస్తావా?" అన్నాను.

"నా వల్ల ఏమవుతుంది, బైకే! ఎవరెవరో ఎక్కడెక్కడో కూర్చుని రాసి, కావలసినవాళ్ళు వాడుకోండి, బాగుచేసుకోండి అని ఊరికే వదిలేశారు. ఓపెన్ సోర్స్ అంటారు. ఏ మాట ఎవరి కథలో ఉందో అది ముందే కూర్చి పెట్టుకుంటుంది. అడగ్గానే చూపిస్తుంది."

"వాళ్ళ పేర్లు తెలుసా?"

"కొందరివే తెలుసు."

ఆ శుక్రవారం నమాజు తర్వాత, పేరు తెలియని ఆ మనుషుల కోసం కూడా దువా చేశాను. కొండ మీది గుడిసెలో తర్వాత వచ్చేవాడి కోసం కట్టెలు పేర్చి వెళ్ళే మనిషి గుర్తొచ్చాడు నాకు.

సెర్చ్ పని చేయడం మొదలైంది. మొదటి వారంలోనే సుయున్ తాత కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. సోమవారం ఆయన్ను బిష్కెక్ తీసుకెళ్ళి గుండె ఆపరేషన్ చేయించబోతున్నారు.

"అబ్బాయ్, మా అన్న దీవెన ఒక్కసారి వినాలి. ఊరు దాటేటప్పుడల్లా ఆయన దీవించి పంపేవాడు. దీవెన లేకుండా కత్తి కింద పడుకోలేను. ఉస్మోనాలి అని కొట్టు."

ఎర్మెక్ కొట్టాడు. ఏమీ దొరకలేదని వచ్చింది.

తాత తెర వైపు చూస్తూ నిలబడ్డాడు. "పంతులు మా ఇంట్లో రెండు పూటలా తిని మరీ మాట్లాడించాడే. మా అన్నను పారేశారా?"

"లేదు, ఆతా. తప్పు నాదే అయ్యుంటుంది. చూస్తాను."

తర్వాత రెండు రోజులూ ఎర్మెక్‌కు అన్నం సయించలేదు. అమర్చినదంతా విప్పి మళ్ళీ అమర్చాడు. మా భాషలో మాట చివర ప్రత్యయాలు తోకల్లా పెరుగుతాయి కదా, సెర్చ్ వాటిని సరిగ్గా కత్తిరిస్తోందా అని పరీక్షించాడు. 'దీవెన' అని వెతికితే ఊరంతా వచ్చింది. దీవించకుండా మాట ముగించే ముసలాడు మా దగ్గర ఎవడున్నాడు!

"నీ గుర్రం కుంటుతోందేమోరా" అన్నాను.

"గుర్రం మంచిదే, బైకే. నాడా కొట్టింది నేను."

శనివారం తాతే మళ్ళీ వచ్చాడు. చాయ్ తాగుతూ అన్న సంగతులు చెప్పుకుపోతున్నాడు. "మంచుకు కొండ కనుమ మూసుకుపోయిన ఏడాది మంచుబండి కట్టి డాక్టరమ్మను తెచ్చాడు. ఆవిడ దారంతా తిట్టిందట!"

ఎర్మెక్ గిన్నె కింద పెట్టి, కనుమ, మంచుబండి, డాక్టరమ్మ అని కొట్టాడు. ఒకే ఒక్కటి వచ్చింది. మీట నొక్కాడు.

"నేను ఉస్మోనాలిని..." అంది ఒక బరువైన గొంతు.

తాత తెర వైపు వంగాడు. తెర మీద మాత్రం 'నేను తెల్లగుర్రం నాన్నను' అని ఉంది. ఎర్మెక్ అక్కడే ఆపేశాడు.

"ఇది టైపు చేసింది ఎవరు?"

"ఇంకెవరు, మా ఊల్కాన్!" తాత కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. "మా అన్న కోడలు. మామ పేరు నోటితో అనదు, వేళ్ళతో మాత్రం అంటుందా?"

ఊల్కాన్ ఇన్నాళ్ళూ మందతో శీతాకాలపు కొట్టం దగ్గర ఉంది. అక్కడ ఫోను పలకదు. చినమామ సుయున్ తాతను సాగనంపడానికి ఆ మధ్యాహ్నమే దిగింది. కబురు వినగానే గ్రంథాలయానికి పరుగెత్తుకొచ్చి, గుమ్మంలోనే తల వంచి నిలబడింది.

"నా వల్లే కదా, ఆతా? పక్కావిడకు వచ్చినవాటిలో ఆయన గొంతు వినబడితే, ఆవిడను బతిమాలి ఆ క్యాసెట్ నేను తీసుకున్నాను. ఎవరి మామగారిది వాళ్ళకు వచ్చేలా అందరమూ అలాగే మార్చుకున్నాం."

"అయితే ఊళ్ళో మామలందరూ మారుపేర్లతోనే ఉన్నారన్నమాట" అన్నాను. "ఆయన పోయి ఎన్నేళ్ళయింది, అమ్మా! రాస్తే వింటాడా?"

"ఆయన వినడు, బైకే. నేను వింటాను కదా."

నేను ఆమెను లోపలికి పిలిచి పొయ్యి పక్కన కూర్చోబెట్టాను.

"పోనీ, కొట్టేసి అసలు పేరు రాయి, ఎర్మెక్" అంది ఆమె చిన్నగా. "నేను అటు తిరిగి ఉంటాను."

"ఎందుకు, ఎజే? మీరు రాసింది మర్యాద. దాన్నెందుకు కొట్టేయడం? ఈ పేరు అడిగితే ఆ పేరు కూడా చూపించు అని దీనికి చెప్పొచ్చు. అసలు పేరు తాత చెబుతారు, మీ పేరు మీరు చెప్పండి."

తాత ఒక పేరు చెప్పాడు, ఆమె ఇంకొకటి చెప్పింది. ఎర్మెక్ రెండిటినీ జత కట్టి, బిస్మిల్లా అని ఉస్మోనాలి కోసం వెతికాడు. తెల్లగుర్రం నాన్న వచ్చాడు. మిగతా కోడళ్ళను కూడా పిలిపించాలి అనుకున్నాం.

ఈసారి రికార్డింగును చివరిదాకా నడవనిచ్చాడు. దీవెన వచ్చేసరికి మేమందరం చేతులు చాచాం. "నీ దారి తెరిచి ఉండాలి, వెళ్ళిన కాళ్ళతోనే ఇంటికి రావాలి" అంది గొంతు. ఓమిన్ అని ముఖాలు తడుముకున్నాం. తాత మాత్రం చేతులు దించలేదు. రికార్డింగు ఇంకా నడుస్తూనే ఉంది.

"అమ్మాయ్," అంది అదే గొంతు, ఇంట్లో ఎవరినో పిలుస్తున్నట్టు, "మీ చినమామకు చాయ్ పొయ్యమ్మా, చల్లారిపోయింది."

ఊల్కాన్ లేచి పొయ్యి మీది కెటిల్ అందుకుంది.