మొదటి తాంబూలం ఎవరికి

ఇది ఎప్పుడో రాయవలసింది. రాయడం రాక రాయలేదు. ఏడో ఏటినుంచి మా అమ్మ వెంట పెళ్లివంటలకు వెళ్లి ఉల్లిపాయలు తరిగాను. పెళ్లయ్యాక మా ఆయన వంట జట్టులో అదే కత్తిపీట ముందు కూర్చున్నాను. చివరికి అరవై మూడో ఏట, ఐర్లండులో మా అమ్మాయి ఇంట్లో చిక్కుబడిపోయినప్పుడు అక్షరాలు వచ్చాయి. సరుకులొచ్చిన అట్టపెట్టెలు చించి, వాటి లోపలివైపు మా అమ్మాయి అ ఆలు రాసిచ్చేది. నేను దిద్దేదాన్ని.

మూడు నెలలు ఉందామని డబ్లిన్ పక్కనున్న మెయ్‌నూత్ వచ్చాను. వచ్చిన నెలకే కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి. ఇంటినుంచి రెండు కిలోమీటర్లు దాటకూడదన్నారు. దాటితే గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, కారాపి ఎక్కడికని అడిగేవారు. మా వంటింటి కిటికీలోంచి కాలువా, దాని పక్కనే రైలు పట్టాలూ కనిపించేవి. రైళ్లు వేళకే తిరిగేవి. లోపల దీపాలు వెలుగుతుండేవి, మనుషులు ఉండేవారు కాదు. ఎదురింటి ముసలావిడ రోజూ ఎనిమిదింటికి కర్టెన్ తీసేది. ఒక సోమవారం తీయలేదు. మంగళవారమూ తీయలేదు. బుధవారం తెల్లటి వ్యాను వచ్చింది.

"షి వాజ్ గ్రాండ్ లాస్ట్ వీక్, అమ్మమ్మా," అంది తొమ్మిదేళ్ల మా మనవరాలు. ఇక్కడ గ్రాండ్ అంటే బాగానే ఉందని. ఆ తరవాత చాలా రోజులు ఆ కిటికీ దగ్గరికి రాలేదు.

ఇంట్లో మేం ముగ్గురమే. అల్లుడు విడిపోయి అప్పటికి రెండేళ్లు. ఇల్లు నడిచేది మా అమ్మాయి ఉద్యోగం మీద. ఈ దేశంలో ఉండే పర్మిట్టు కూడా ఆ ఉద్యోగం మీదే ఇచ్చారు. అది పోతే అదీ పోతుంది.

ఆ ఉద్యోగం ఏమిటో నాకు అర్థం కావడానికి నెల పట్టింది. డబ్లిన్‌లో అయిదుగురున్న చిన్న ఆఫీసు. అమెరికాలో ఒక ఫుట్‌బాల్ జట్టుకు లెక్కలు కట్టి పంపుతారు. అది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు, బంతిని చేత్తో విసురుతారు. ఏడాదికొకసారి జట్లన్నీ వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. ముందటేడు బాగా ఓడిన జట్టుకు ముందు వంతు వస్తుంది. ఆ వంతులో ఏ స్థానం వాణ్ని తీసుకోవాలో మా అమ్మాయి చెప్పాలి.

"బంతి విసిరేవాడున్నాడు చూడు, వాడే హీరో," అని చపాతీ పిండి ముద్దల్ని బల్ల మీద పేర్చి చూపించింది. "విసిరేటప్పుడు వాడు అటు తిరిగి ఉంటాడు. ఇటునుంచి ఎవడొచ్చి మీద పడినా కనపడదు. ఆ పక్కన నిలబడి కాచేవాడొకడుంటాడు. వాడి పేరు ఎవడికీ తెలీదు."

"మరి ముందు ఎవర్ని తీసుకోమన్నావు?"

"కాచేవాణ్ని. లెక్కలు అదే చెప్తున్నాయి."

నేను ఆ ముద్దల్ని తీసి మళ్లీ గిన్నెలో వేశాను. కొంగు భుజాల చుట్టూ కప్పుకున్నాను. అది చూసి, "ఏంటమ్మా, చలా?" అంది. అవునన్నాను.

నివేదిక పంపిన సాయంత్రం మేనేజరు ఫోన్ చేశాడు. స్పీకర్‌లో అతని గొంతు నవ్వుతూనే ఉంది. "ఇట్స్ ఎ గ్రాండ్ రిపోర్ట్" అన్నమాట ఒక్కటే నాకు తెలిసింది. మా అమ్మాయి మొహం మాత్రం మాట మాటకీ మారిపోతోంది. ఫోన్ పెట్టేశాక తెలుగులో చెప్పింది.

"జట్టు ఓనరుకి విసిరేవాడే కావాలంట. రేపు పొద్దున తొమ్మిదింటి మీటింగులో నేను మార్చి చెప్పాలంట. ఈ పని అయిపోయాక అయిదుగురిలో ఇద్దర్ని తీసేస్తారంట. ఆ మాట కూడా నవ్వుతూనే చెప్పాడమ్మా."

"మారుస్తావా?"

"మార్చక ఏం చెయ్యను? రేపు పర్మిట్టు పోతే పిల్లనీ నిన్నూ తీసుకుని ఎక్కడికి పోనూ? విమానాలు కూడా లేవు."

నేను నోరు మూసుకుని ఉంటే ఆ సాయంత్రం అలాగే గడిచిపోయేది. ఇరవై ఎనిమిదేళ్లు మూసుకునే ఉన్నాను.

మా వైపు పెళ్లివంట గాడిపొయ్యి మీద. నేలలో పొడుగ్గా గాడి తవ్వి, కట్టెలు పేర్చి, వరసగా గుండిగలు ఎక్కిస్తారు. ఉడికిన గుండిగ దింపాలంటే చెవులకు తాళ్లు కట్టి, మధ్యలో కర్ర దూర్చి, ఇద్దరు భుజాన ఎత్తుకుని నడవాలి. ముందు నడిచేది మా ఆయన. వెనక్కి తిరిగి చూడడానికి వీల్లేదు. వెనక కొస పట్టేవాడు ఒక పొడుగాటి మనిషి. మా అమ్మాయి అతన్ని పెదనాన్నా అనేది. దారీ, గుండిగా, మా ఆయన మడమలూ అన్నీ అతనే చూసుకునేవాడు. ముహూర్తాల కాలం రాగానే మా ఆయన మొదటి తాంబూలం అతని ఇంటికే తీసుకువెళ్లేవాడు. తాంబూలం పుచ్చుకున్నవాడు ఆ కాలమంతా ఇంకో జట్టుకు వెళ్లడు. మొదటిది అందుకోవడం మర్యాద.

ఒక ఏడు ఆ పొడుగాటి మనిషి వేరే జట్టుకు వెళ్లిపోయాడు. కూలికి దొరికిన ఎవరో వెనక కొస పట్టుకున్నాడు. అరటి తొక్కలున్న చోట జారాడు. సాంబారు గుండిగ మా ఆయన వీపు మీద పడింది. మూడు వారాలు అరిటాకుల మీద బోర్లా పడుకుని పోయాడు. అప్పటికి మా అమ్మాయికి పదకొండేళ్లు. పెదనాన్న మోసం చేశాడని ఏడ్చింది. ఆ తరవాత అతన్ని ఎప్పుడూ పలకరించలేదు.

ఆ సాయంత్రం అదంతా మళ్లీ చెబుతుంటే, "ఆ మనిషి ఊసెందుకిప్పుడు?" అంది.

"ఆయన వెళ్లిపోలేదే. నేనే పోగొట్టాను."

తను లాప్‌టాప్ మూసింది.

"మీ మావయ్య ఆ ఏడే మిఠాయిలు నేర్చుకొచ్చాడు. నలుగురూ వాడి కాజాల గురించే మాట్లాడుకుంటున్నారు. మొదటి తాంబూలం మా తమ్ముడికివ్వమని నేనే పోరాను. కర్ర పట్టేవాడు ఎక్కడైనా దొరుకుతాడు, మిఠాయి మాస్టరు దొరుకుతాడా అన్నాను. మీ నాన్న రెండు రోజులు ఒప్పుకోలేదు. మూడో రోజు ఒప్పుకున్నాడు. రెండో తాంబూలం పట్టుకెళితే, మొదటిది ఎవరికిచ్చావు అని ఒక్క మాట అడిగాడంట మీ పెదనాన్న. తలుపేసుకున్నాడంట."

మా అమ్మాయి కిటికీ వైపు తిరిగింది. బయట ఇంకా వెలుతురుంది. ఎదురింటి కర్టెన్లు మూసే ఉన్నాయి.

"పెదనాన్న చచ్చిపోతే వాళ్లింటికి ఫోన్ కూడా చెయ్యలేదు నేను," అంది చివరికి. "నువ్వు నన్ను చెయ్యనిచ్చావు కాదు... కాదు, చెయ్యమనలేదు. పక్కనే కూర్చుని బియ్యం ఏరుకుంటున్నావు. నాకు గుర్తుంది."

"అవును."

"ఇప్పుడెందుకు చెప్పావు? మార్చొద్దనా?"

"అది నేను చెప్పను. ఒకసారి చెప్పాను."

"బాగుందమ్మా. ఉన్న బరువు చాలదని ఇదొకటి ఎత్తావు నా నెత్తిన," అని లేచి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. మనవరాలు మెట్ల మీదనుంచి, "ఈజ్ మమ్మీ ఓకే?" అని అడిగింది. ఓకే అన్నాను. అబద్ధాలు నాకు ఇంగ్లీషులో కూడా వచ్చేశాయి.

తరవాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. ఆ ఉద్యోగం జూన్ దాటలేదు. ఇంకో పని వెతుక్కోమని పర్మిట్టువాళ్లిచ్చిన గడువు తీరకముందే అత్లోన్ అనే ఊళ్లో మందుల కంపెనీలో పని దొరికింది. దొరికేదాకా ఇంట్లో ఎవరమూ గట్టిగా మాట్లాడుకోలేదు. ఆ జట్టువాళ్లు విసిరేవాణ్నే తీసుకున్నారు. అతను బాగానే ఆడుతున్నాడట. టీవీలో ఎక్కడ ఆట వేసినా నేను అతని వెనకవైపే చూస్తాను.

ఆ మర్నాడు పొద్దున ఆరింటికే లేచాను. మా అమ్మాయి గది తలుపు మూసే ఉంది. కాఫీ పెట్టాను. తొమ్మిదికి అయిదు నిమిషాలుందనగా తను వచ్చి, నావైపు చూడకుండా బల్ల దగ్గర కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. ఏం చెప్పబోతోందో నాకు తెలియదు. వంటింట్లోని ముక్కాలిపీట తెచ్చి తన ఎడమవైపు, కాస్త వెనకగా, కెమెరాకు అందని చోట వేసుకుని కూర్చున్నాను. తెర మీద మేనేజరు మొహం వచ్చింది. మా అమ్మాయి కాఫీ గ్లాసు పక్కకు జరిపి, నేను దిద్దిన అట్టముక్క ఒకటి దాని కిందనుంచి లాగి, తన కాగితాల మీద పెట్టింది. అప్పుడు మాట్లాడడం మొదలుపెట్టింది. కాచేవాడి స్థానానికి వాళ్లు అనే పేరు అప్పటికి నాకు వచ్చు. ముందు ఎవర్ని తీసుకోవాలో చెబుతూ తన నోట మొదట ఆ పేరే వచ్చింది. నేను పీట మీదనుంచి కదలలేదు.